కినోకో నాసు తిరగరాసుకున్న తొలి కథ: ‘విచ్ ఆన్ ది హోలీ నైట్’ సమీక్ష

రాత్రి భోజనాలయ్యాక రోజుకు ఒక గంట, సెలవు రోజుల్లో రెండు మూడు గంటల చొప్పున దాదాపు మూడు వారాల పాటు చదివి ‘విచ్ ఆన్ ది హోలీ నైట్’ అనే జపనీస్ విజువల్ నావెల్‌ను పూర్తి చేశాను. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కంప్యూటర్ కోసం కొన్న ప్రతి అది. దీని జపనీస్ పేరు ‘మహోత్సుకాయ్ నో యోరు’. రచయిత కినోకో నాసు. తయారుచేసింది ఆయనా, ఆయన చిన్ననాటి స్నేహితుడూ చిత్రకారుడూ అయిన తకాషి తకెయుచీ కలిసి నెలకొల్పిన టైప్-మూన్ సంస్థ. నాసు రచనలను కొన్నేళ్లుగా వరుస లేకుండా, దొరికినవి దొరికినట్టు చదువుతూ వచ్చిన నాకు, మొట్టమొదట చదవవలసింది దీనినే కదా అని ఇప్పుడు అనిపిస్తోంది. అలా ఎందుకు అనిపించిందో చెప్పాలంటే ఈ ఒక్క పుస్తకాన్ని కాక, ఆయన రచనాజీవితాన్ని కూడా కొంత తడమవలసి ఉంటుంది.

ఈ ప్రక్రియకు కొత్తవారి కోసం ముందుగా ఒక మాట. విజువల్ నావెల్‌లో తెరమీద బొమ్మ ఉంటుంది, దాని మీద కథ అక్షరాలుగా కనిపిస్తూ ఉంటుంది, వెనక సంగీతం, పాత్రల గొంతులు వినిపిస్తాయి. పాఠకుడు మీట నొక్కిన కొద్దీ కథ ముందుకు సాగుతుంది. చాలావాటిలో మధ్యమధ్య ఏం చేయాలో మనం ఎంచుకోవలసిన చోట్లు వస్తాయి, ఆ ఎంపికను బట్టి కథ దారి మారుతుంది. ఈ పుస్తకంలోని ప్రధాన కథలో అలాంటి ఎంపికలు లేవు. మొదటి నుంచి చివరి దాకా ఒకే దారి, చదవడం ఒక్కటే పని. దుకాణంలో ఆటల అరలో దొరుకుతుంది కాబట్టి ఆడడానికి ఏదో ఉంటుందని కొనేవారు నిరాశపడతారు. నవల చదవడం ఇష్టమై, ఆ నవలకు బొమ్మలూ సంగీతమూ తోడైతే ఇంకా బాగుంటుందనుకునే వారికే ఇది.

నాసు 1973లో పుట్టారు. కినోకో అంటే జపనీస్‌లో పుట్టగొడుగు, అది కలంపేరు. బడిలో చదివే రోజుల నుంచే తకెయుచీతో స్నేహం, ఆయన రాయడం, ఈయన బొమ్మలు వేయడం. ‘విచ్ ఆన్ ది హోలీ నైట్’ మొదటి రూపం 1996 ప్రాంతంలో నాసు రాసి పెట్టుకున్న ఒక నవల. అది అప్పట్లో అచ్చు కాలేదు. ఆ తరువాత 1998లో ‘కారా నో క్యోకాయ్’ అనే నవలను ఇద్దరూ తమ వెబ్‌సైటులో ధారావాహికగా పెట్టారు. చివరి అధ్యాయాలను 1999 ఆగస్టులో టోక్యోలో జరిగిన కోమికెట్ సంతలో పుస్తకంగా అమ్మారు. కోమికెట్ అంటే ఏటా వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి జరిగే సంత. సొంతంగా అచ్చువేసుకున్న పుస్తకాలను రచయితలే బల్లల వెనక కూర్చుని అమ్ముకుంటారు. 2000 డిసెంబరులో అదే సంతలో ‘త్సుకిహిమే’ అనే విజువల్ నావెల్‌ను తెచ్చారు. దాని ఆదరణతో సంస్థ పుట్టింది, 2004 జనవరి 30న ‘ఫేట్/స్టే నైట్’ అనే మరో విజువల్ నావెల్ వచ్చింది. అదే 2004లో ‘కారా నో క్యోకాయ్’ని కోదన్షా వంటి పెద్ద ప్రచురణ సంస్థ మళ్లీ అచ్చువేసింది. సంతలో బల్ల వేసుకుని అమ్ముకున్న నవల ఐదేళ్లకే ఊరూరి పుస్తకాల దుకాణాలకు చేరింది.

ఈ వరుసను చూసినప్పుడు నాకు కనిపించేది ఒక్కటే: నాసు కొత్త కథలు వెతుక్కుంటూ వెళ్లిన రచయిత కాదు, యౌవనంలో రాసుకున్న మూడు నాలుగు కథల దగ్గరికే మళ్లీ మళ్లీ తిరిగి వచ్చి, ప్రతిసారీ వాటిని మరింత శ్రద్ధగా రాసిన రచయిత. ‘ఫేట్’కు మూలం ఆయన విద్యార్థి దశలో రాసుకున్న చిత్తుప్రతి. అందులో బ్రిటన్ పురాణగాథల్లోని ఆర్థర్ రాజు పురుషుడే, కథ నడిపేది ఒక అమ్మాయి. తకెయుచీ సూచన మీద ఆ రెండూ తారుమారై, ఆర్థర్ రాజు సేబర్ అనే అమ్మాయిగా మారడంతో ఇప్పుడు లోకమంతా ఎరిగిన రూపం వచ్చింది. ‘త్సుకిహిమే’ను ఇరవై ఏళ్ల తరువాత మొదటి నుంచి తిరగరాసి 2021 ఆగస్టు 26న మళ్లీ తెచ్చారు. ‘విచ్ ఆన్ ది హోలీ నైట్’ సంగతీ ఇంతే. అచ్చుకాని నవల 2012 ఏప్రిల్ 12న కంప్యూటర్‌లో చదివే విజువల్ నావెల్ అయింది. 2022 డిసెంబరు 8న పాత్రలన్నింటికీ గొంతులు చేర్చి, ఇంగ్లీషు అనువాదంతో ఆటల యంత్రాలైన ప్లేస్టేషన్ 4కూ నింటెండో స్విచ్‌కూ తెచ్చారు. 2023 డిసెంబరు 14న స్టీమ్‌లోకి వచ్చింది. ఇరవై దాటిన యువకుడు రాసుకున్న కథ, నలభైకి దగ్గరపడిన రచయిత చేతిలో ఎలా పండిందో ఈ పుస్తకంలో చూడవచ్చు.

కథా కాలం 1980ల చివర, ఋతువు చలికాలం, ఊరు మిసాకి అనే కల్పిత పట్టణం. ఆ ఊరి కొండమీద ఉన్న పాత బంగళాలో ఇద్దరు అమ్మాయిలు మాత్రమే ఉంటారు. అవోకో అవోజాకి బడిలో విద్యార్థి సంఘానికి అధ్యక్షురాలు, కోపిష్ఠి, పని మొదలుపెడితే వదలని మనిషి. మంత్రవిద్యలో మాత్రం ఇంకా నేర్చుకుంటున్న పిల్ల. ఆలిస్ కువోంజి మాట తక్కువ మనిషి, పుట్టుకతోనే మంత్రగత్తె, అవోకోకు గురువు లాంటిది. వారి బడిలోకి సోజూరో షిజుకి అనే కుర్రాడు కొత్తగా వస్తాడు. కొండల్లో, పట్నవాసపు వాసన ఏమాత్రం సోకని చోట పెరిగినవాడు కాబట్టి ఊళ్లో అందరికీ మామూలైన సంగతులు కూడా అతనికి వింతే. ఒక రాత్రి చూడకూడనిది చూస్తాడు. చూసినవాణ్ని బ్రతకనివ్వకూడదన్నది మంత్రవిద్య నియమం. ఆ నియమానికీ, ఆ ఇద్దరమ్మాయిల మనసులకూ మధ్య జరిగే పెనుగులాటే కథ. అవోకోకు ఒక అక్క ఉంది, ఆ అక్కకు దక్కవలసిన వారసత్వం చెల్లెలికి దక్కింది అన్నంత వరకు చెప్పి ఆగుతాను. మిగిలింది చదివే తెలుసుకోవాలి.

ఈ నియమం నాసు లోకమంతటికీ మూలస్తంభం కాబట్టి దాన్ని కొంచెం విప్పి చెప్పాలి. ఆయన కథల్లో మంత్రవిద్య వేరు, మహిమ వేరు. చేతిలో నిప్పు పుట్టించడం మంత్రవిద్య మాత్రమే, ఎందుకంటే అగ్గిపుల్ల గీసినా అదే నిప్పు పుడుతుంది. ఎంత ఖర్చయినా, ఎంత కాలం పట్టినా మనిషి తన తెలివితో సాధించగలిగినదేదీ మహిమ కాదు. మనిషి ఎన్నటికీ చేయలేనిదే మహిమ. ఒకప్పుడు మహిమలు ఎన్నో ఉండేవి, శాస్త్రం ఎదిగినకొద్దీ అవి ఒక్కొక్కటే మంత్రవిద్య స్థాయికి దిగిపోయి, ఇప్పుడు ఐదు మాత్రమే మిగిలాయి. అంతేకాక, రహస్యం ఎంతమందికి తెలిస్తే దాని బలం అంత తరిగిపోతుంది. అందుకే మంత్రవిద్య తెలిసినవాళ్లు దాక్కుని బతకాలి, అందుకే చూసినవాణ్ని తప్పించాలి. భయపెట్టడం కోసం పెట్టిన నియమం కాదిది, ఆ విద్య స్వభావంలో నుంచే వచ్చిన నియమం.

మన తెలుగులో ఒకప్పుడు వారపత్రికలను ఊపేసిన క్షుద్ర నవలలు చదివినవారికి ఈ చర్చ పరిచయమైనదే. ఆ నవలల్లో జరిగింది చేతబడా, లేక శాస్త్రం వివరించగల జబ్బా అన్న ప్రశ్న వారం వారం పాఠకుణ్ని పట్టి ఉంచేది. జపాన్‌లో కూడా దాదాపు ఆ కాలంలోనే ‘దెన్కి’ అనే పేరుతో, పట్నవాసం మధ్యలో పిశాచాలనూ మంత్రాలనూ నడిపించే జనప్రియ నవలలు విరివిగా వచ్చాయి. నాసు ఆ నవలలు చదివి పెరిగిన తరం వాడు. అయితే ఆయన ఆ ప్రశ్నను తేల్చకుండా ఊరించడు. మంత్రమూ నిజమే, శాస్త్రమూ నిజమే, రెండింటికీ మధ్య సరిహద్దు రోజురోజుకూ జరుగుతోందని చెప్పి, జరిగే ఆ సరిహద్దు మీద నిలబడిన మనుషులకు ఎలా ఉంటుందో రాస్తాడు. తరతరాలుగా ఒక ఇంటి విద్యను కాపాడుకుంటూ వచ్చినవారికి, ఆ విద్యకు లోకంలో చోటు తగ్గిపోతోందని తెలిసినప్పుడు కలిగే దిగులు ఈ పుస్తకంలో ఆలిస్ పాత్ర నిండా పరుచుకుని ఉంది. ఆ దిగులును మాటల్లో పెట్టి చెప్పించకపోవడం రచయిత గొప్పతనం.

పోరాట ఘట్టాలు బాగున్నాయి, కాని నన్ను కట్టిపడేసినవి అవి కావు. బంగళాలో ముగ్గురూ ఒకే కప్పు కింద ఉండవలసి వచ్చినప్పటి సన్నివేశాలు ఈ పుస్తకానికి ప్రాణం. టీ ఎవరు పెట్టాలి, ఏ గదిలోకి ఎవరు రాకూడదు, ఇంటి ఖర్చుకు డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది వంటి చిన్న సంగతుల మీద పేజీల కొద్దీ నడిచే మాటల్లో, ఒకరి పట్ల ఒకరికి అనుమానం పోయి ఎలా అలవాటు పడ్డారో మనకు తెలియకుండానే తెలుస్తుంది. సోజూరో అమాయకుడే కాని తెలివితక్కువవాడు కాదు. తనకు తెలియని ప్రతిదాన్నీ అతను నిజాయితీగా అడుగుతాడు, చెప్పిన జవాబును మనసులో పెట్టుకుంటాడు. ఎదుటివారు అంతవరకు ఆలోచించని విషయాలను ఆ ప్రశ్నల వల్లే ఆలోచించవలసి వస్తుంది. మనిషిని చంపడం గురించి అతను అనే ఒక మాట దగ్గర నేను ఆ రాత్రికి చదవడం ఆపి పడుకున్నాను; మరునాడు పనిలో ఉన్నంతసేపూ అదే మెదిలింది.

ఆలిస్ దగ్గర ఉండే మాయాజీవులు ఇంగ్లీషు పిల్లల పాటల్లో నుంచి నడిచి వచ్చినవి. ఆ పాటలు చిన్నప్పుడు బడిలో అర్థం తెలియకుండా వల్లెవేసిన వాళ్లం కాబట్టి మనకూ ఆ పేర్లు కొంత పరిచయమే. పాడుబడిన వినోద ఉద్యానంలో, మంచుపడే రాత్రి, ఆ జీవుల్లో ఒకటి మేలుకునే ఘట్టం ఈ పుస్తకంలో చిత్రకారుడు, సంగీతకారుడు, రచయిత ముగ్గురూ ఒకేసారి తమ పూర్తి బలం చూపిన చోటు. చిత్రాలు హిరోకాజు కోయామా వేశారు. అంతకు ముందు టైప్-మూన్ పుస్తకాల్లో నిలబడి మాట్లాడే బొమ్మ ఒకటి, వెనక ఒక గది బొమ్మ, ఇంతే ఎక్కువగా కనిపించేది. ఇక్కడ మాత్రం ప్రతి సన్నివేశానికీ వేరువేరు కోణాలు, దగ్గరి దృశ్యాలు, దూరపు దృశ్యాలు, వెలుగునీడలు సినిమాలో లాగా మారుతూ ఉంటాయి. దీన్నంతా కూర్చిన దర్శకుడు త్సుకురి మోనోజి. ఒక వాక్యం సగంలో ఆగి, బొమ్మ కొంచెం జరిగి, మిగతా సగం వాక్యం కనిపించే చోట్లు ఎన్నో ఉన్నాయి. కాగితం మీద అచ్చువేస్తే ఆ విరామం పోతుంది. ఇది విజువల్ నావెల్‌గానే ఉండవలసిన కథ అని ఆ చోట్లు చెబుతాయి.

హిదెయుకి ఫుకాసావా సంగీతం పెద్దగా వినిపించాలని ప్రయత్నించదు, బంగళా సన్నివేశాల్లో పియానో మెల్లగా నడుస్తుంది. గొంతుల్లో అవోకోకు హరుకా తోమాత్సు, ఆలిస్‌కు కానా హనాజావా, సోజూరోకు యూసుకె కొబాయాషి. హనాజావా అతి తక్కువ మాటలతో, దాదాపు గొంతు పెంచకుండా చేసిన పని అన్నింటికంటె బాగుంది. భాష రాకపోయినా, ఆలిస్ ఎప్పుడు విసుగుపడిందో ఎప్పుడు లోలోపల సంతోషించిందో ఆమె గొంతు వల్ల తెలిసిపోతుంది. 2012 ప్రతిలో ఈ గొంతులు లేవు. మౌనంగా చదువుకోవాలనుకునేవారు గొంతులను తగ్గించుకోవచ్చు కాని, నా సలహా వాటిని ఉంచుకోమనే.

లోపాలు లేకపోలేదు. మొదటి మూడు నాలుగు గంటలు చాలా నెమ్మదిగా నడుస్తాయి. నాసుకు ఉన్న పాత అలవాటు ఏమిటంటే, ఒక నియమాన్ని ఒకసారి చెప్పి ఊరుకోడు. చెప్పి, దానికి ఉపమానం చెప్పి, ఆ ఉపమానం ఎందుకు పూర్తిగా సరిపోదో కూడా చెబుతాడు. పోరు మంచి ఊపులో ఉన్నప్పుడు ఇలా ఆగి వివరిస్తుంటే ఓపిక సన్నగిల్లుతుంది. ఇంగ్లీషు అనువాదం మొత్తం మీద శుభ్రంగానే ఉన్నా, పొడుగైన వర్ణనలున్న చోట వాక్యాలు బరువెక్కి, రెండుసార్లు చదివితే గాని అందని చోట్లు నాకు తగిలాయి. అన్నింటికంటె పెద్ద లోటు మరొకటి. ఇది మూడు భాగాల కథగా తలపెట్టినది; వచ్చింది మొదటి భాగం. ఈ భాగం దానంతట అది ముగుస్తుంది, మధ్యలో వదిలేసినట్టు ఉండదు, కాని కొన్ని ముడులు విప్పకుండా మిగిలాయి. 2012 నుంచి ఎదురుచూస్తున్న జపనీస్ పాఠకుల బాధ నాకు ఇప్పుడు అర్థమైంది. తిరగరాసిన ‘త్సుకిహిమే’ కూడా 2021లో సగమే వచ్చింది. తన పాత కథలను ఇంత ప్రేమతో తిరగరాసే రచయిత, వాటిని ముగించడానికి కూడా అంతే కాలం కేటాయించాలని ఒక పాఠకుడిగా గట్టిగా కోరుకుంటున్నాను.

ఆ కాలం ఎక్కడికి పోయిందో తెలియనిదేమీ కాదు. 2015 జూలైలో మొదలైన ‘ఫేట్/గ్రాండ్ ఆర్డర్’ అనే ఫోన్ ఆట టైప్-మూన్‌ను ఊహించని ఎత్తుకు తీసుకుపోయింది. దానికి రాసే రచయితలు చాలామంది ఉన్నా మొత్తం కథను చూసుకునేది నాసే. బాబిలోనియా అధ్యాయం, అవలోన్ అధ్యాయం ఆయనే రాశారు. అవలోన్ అధ్యాయం ఒక్కటే పెద్ద నవలంత ఉంటుంది, ఆయన మంచి రచనల్లో దాన్ని తప్పకుండా చేర్చాలి. అయితే ఆ ఆటలో మన పక్షాన పోరాడే పురాణవీరులను సంపాదించుకోవడం లాటరీ లాంటిది, డబ్బు పెట్టే కొద్దీ పెట్టాలనిపిస్తుంది. కథ కోసం మాత్రమే వెళ్లేవారు తమ ఖర్చుకు ముందే హద్దు గీసుకోవడం అవసరం. మనవాళ్లకు ఆసక్తి కలిగించే సంగతి మరొకటి ఉంది. 2013లో వచ్చిన ‘ఫేట్/ఎక్స్‌ట్రా సీసీసీ’ అనే ఆటలో కర్ణుడు ఒక వీరుడిగా కనిపిస్తాడు. కవచకుండలాలూ, వాటిని వదులుకుని ఇంద్రుడి దగ్గర పొందిన శక్తీ ఆ పాత్రకు ఆయుధాలు. అడిగినవారికి లేదనని ఆ స్వభావాన్ని నాసు అర్థం చేసుకున్న తీరు చూసి, భారతం వింటూ పెరిగిన నాకు మనసు నిండింది.

ఇక ఏది ముందు చదవాలన్న ప్రశ్న. ఎక్కువమంది ‘ఫేట్/స్టే నైట్’తో మొదలుపెట్టమంటారు. ఏడుగురు మాంత్రికులు, వారు పిలిచిన ఏడుగురు పురాణవీరులు, కోరిక తీర్చే మాయా పానపాత్ర కోసం ఫుయుకి నగరంలో వారి మధ్య యుద్ధం, అగ్నిప్రమాదంలో తనొక్కడే మిగిలినందుకు అందరినీ కాపాడాలని తపించే షిరో అనే కుర్రాడు. ఒకే కథను మూడు దారుల్లో చెబుతారు; మొదటిది పూర్తిచేస్తేనే రెండోది, రెండోది పూర్తయితేనే మూడోది తెరుచుకుంటాయి. మొదటి దారి షిరో ఆదర్శాన్ని నిలబెడుతుంది, రెండోది దాన్ని నిలదీస్తుంది, మూడోది దాన్ని వదులుకోమంటుంది. నాసు రాసినవాటిలో ఆలోచనలో ఇంతకంటె పెద్దది లేదు. కాని అది చాలా పొడుగైనది, రాత కొన్ని చోట్ల ముతకగా ఉంటుంది. పైగా 2004 నాటి మొదటి ప్రతిలో పెద్దలకు మాత్రమే తగిన దృశ్యాలున్నాయి. 2024 ఆగస్టులో స్టీమ్‌లోకీ స్విచ్‌లోకీ వచ్చిన రీమాస్టర్డ్ ప్రతిలో అవి లేవు, కొనేవారు దాన్నే కొనాలి. ‘విచ్ ఆన్ ది హోలీ నైట్’లో అటువంటి దృశ్యాలు మొదటి నుంచే లేవు; హింస, నెత్తురు మాత్రం ఉన్నాయి కాబట్టి చిన్నపిల్లలకు ఇవ్వకూడదు, ఇంటర్ చదివే పిల్లలు చదువుకోవచ్చు.

కొనబోయేవారికి మరికొన్ని సంగతులు. మామూలు లాప్‌టాప్ చాలు, ఆటల కోసం ప్రత్యేకంగా కొన్న యంత్రం అక్కర్లేదు. చెవిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని చదివితే వానచప్పుడు, నేల మీద అడుగుల చప్పుడు కూడా కథలో భాగమని తెలుస్తుంది. ఉన్న భాషలు జపనీస్, ఇంగ్లీషు, చైనీస్. తెలుగులో లేదు కాబట్టి ఇంగ్లీషు నవలలు ఆగకుండా చదవగలిగినవారికే హాయిగా ఉంటుంది. ధర మన పుస్తకాల ధరలతో పోలిస్తే ఎక్కువే. తొందర లేనివారు స్టీమ్‌లో పండుగ తగ్గింపుల దాకా ఆగవచ్చు. ప్రధాన కథ ముగిశాక తెరుచుకునే అదనపు కథలను వదిలేయకండి. వాటిలో ఒక చిన్న అపరాధ పరిశోధన కథ ఉంది, ఈ పుస్తకం మొత్తంలో పాఠకుడు దారి ఎంచుకునేది అక్కడే.

ఈ పుస్తకం ముగించిన వారానికి నేను తిరగరాసిన ‘త్సుకిహిమే’ మొదలుపెట్టాను. దాని ఇంగ్లీషు ప్రతి 2024 జూన్‌లో వచ్చింది. అందులో పెద్ద ప్రమాదం నుంచి బయటపడిన ఒక పిల్లవాడికి ప్రతి వస్తువు మీదా మృత్యురేఖలు కనిపించడం మొదలవుతుంది, ఎవరికి చెప్పినా నమ్మరు. ఆసుపత్రి నుంచి పారిపోయి పచ్చికబయల్లో ఒంటరిగా కూర్చున్న ఆ పిల్లవాడి దగ్గరికి పెద్ద పెట్టె మోసుకుంటూ ఒక యువతి వచ్చి, వాడు చెప్పేదంతా నమ్మి, ఆ రేఖలు కనిపించకుండా చేసే కళ్లజోడు ఇచ్చి వెళుతుంది. పిల్లవాడు ఆమెను ‘టీచర్’ అని పిలుస్తాడు. ఇదే ఘట్టాన్ని కొన్నేళ్ల కిందట పాత ప్రతిలో చదివినప్పుడు ఆమె నాకు దారినపోయే ఒక వింత మనిషి మాత్రమే. ఈసారి ఆమె నోరు తెరవకముందే గుర్తుపట్టాను. మిసాకి కొండమీది బంగళాలో, సోజూరో అడిగే ప్రశ్నలకు విసుక్కుంటూనే ఒక్కొక్కదానికీ జవాబు చెప్పిన అవోకోనే ఆమె.